మలుపు స్తంభం

కంచెలు కట్టే మేస్త్రీలు ఆ చుట్టుపక్కల నలుగురైదుగురు ఉన్నారు గానీ, బిగింపు మేస్త్రి అంటే మాత్రం ఒక్కడే. తీగ కట్టడం అయ్యాక దాన్ని వేలితో టంగుమని మీటి, తల పక్కకి వాల్చి విని, బిగింపు చక్రం పళ్ల లెక్కలో "ఇంకో పన్ను బిగించాలి" అనేవాడు. వదులు తీగ కనపడితే అతనికి అన్నం సయించదు. తన కంచే కానక్కర్లేదు, దారిన పోతూ ఎవరి కంచె చూసినా బండి ఆపి, ఒకసారి తట్టి, "ఎవడు కట్టాడో గానీ, బట్టలారేసుకునే దండెం కట్టాడు" అని తిట్టుకుని మరీ వెళ్లేవాడు. అందుకే ఆ పేరు. అసలు పేరు ఇంటి కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు.

పనికి తోడు బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ముప్పై దాటిన మనిషి, ఆరడుగుల మీద ఇంకో నాలుగు వేళ్ల పొడుగు. "నిన్ను పాతేస్తే ఒక స్తంభం మిగులుతుందిరా" అని మేస్త్రి రోజుకోసారైనా అంటాడు. "నన్ను పాతితే మా అక్క నిన్ను పాతుతుంది బావా" అని అతనూ రోజుకోసారి అంటాడు. అరిగిపోయిన మాటే. అయినా ఇద్దరూ నవ్వుకుంటారు.

ఆ పొద్దున బండి తీస్తుంటే మేస్త్రి భార్య గుమ్మంలోకి వచ్చింది. వారం కిందట వేరే చోట ఇనుప స్తంభం జారి తమ్ముడి కుడిభుజం మీద పడింది. వాపు తగ్గింది గానీ నొప్పి తగ్గలేదు.

"వాడికి బరువు పనులు చెప్పకండి," అంది.

"చెప్పను."

"మీరు అలాగే అంటారు. సాయంత్రం ఎలా వెళ్లారో అలా ఇద్దరూ వచ్చేయండి. వాడికేమన్నా అయితే నేను ఊరుకోను, చెబుతున్నా."

"నీ తమ్ముడేమన్నా గాజుబొమ్మా?"

వెనక కూర్చున్న తమ్ముడు అక్కకి కనపడేలా భుజం గుండ్రంగా తిప్పి చూపించాడు. తిప్పాక పళ్లు బిగబట్టాడు. అది మేస్త్రి బండి అద్దంలో చూశాడు. చూసి ఊరుకున్నాడు.

పని ఒక కుట్టుపని చేసుకునే ముసలావిడ ఇంట్లో. అందరూ టైలరమ్మ అంటారు. ముందుగదిలో మిషను, కత్తిరింపు బల్ల, గోడ పొడుగునా వేలాడే సగం కుట్టిన బట్టలు. ఎప్పుడూ పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఉంటుంది, అందుకని ఆవిడ ఏం మాట్లాడినా గుసగుసలాగే ఉంటుంది. ఇల్లు చిన్నదే గానీ వెనక పెరడు ఇంటికి నాలుగింతలు. మోకాలెత్తు గడ్డి. చివర పాత సామాన్ల గది ఒకటి, కిటికీలు లేనిది, ఇటుకలు నల్లబడి ఉన్నాయి. స్థలం హద్దు ఆ గదిని దాదాపు రాసుకుంటూ, దాని వెనక నుంచి ఒంపు తిరిగి పోతుంది.

రెండు రోజుల కిందట పని మొదలుపెట్టినప్పుడు ఆవిడ చెప్పింది రెండే మాటలు. మొదటిది, చుట్టూ కంచె కావాలి, గేటు మాత్రం వద్దు.

"గేటు లేకపోతే మీరెలా వెళతారమ్మా పెరట్లోకి?" అన్నాడు మేస్త్రి.

"నేను వెళ్లను."

"మీరే వెళ్లని పెరడుకి కంచెందుకండీ?"

ఆవిడ సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చింది. "ఎవరో పిలిచారని జనం వచ్చేస్తున్నారు బాబూ. పాలు పోసే అతను, పక్కింటి పెద్దాయన, మీటరు చూసే కుర్రాడు. వచ్చి గడ్డిలో నిలబడి, పిలిచారా అమ్మా అని అడుగుతారు. నేను పిలవలేదు."

"పిలవని పేరంటం అన్నమాట," అన్నాడు మేస్త్రి. ఆవిడ నవ్వలేదు.

రెండో మాట ఇది. "పెరట్లో ఒకరినొకరు కేకేసి పిలుచుకోకండి. ఏదన్నా చెప్పాలంటే దగ్గరికి నడిచి వెళ్లి, మొహం చూసి చెప్పుకోండి."

సరేనన్నాడు. ముసలావిడకి చప్పుడు పడదు కాబోలు అనుకున్నాడు. కానీ అరవకుండా కంచె ఎలా కడతారు? తీగ లాగడమంటే ఇద్దరి పని. ఒక చివర తీగ బిగించే పుల్లర్ దగ్గర ఒకడు కూర్చుంటాడు. రెండో చివర ఒకడు తీగ పట్టుకుని చూస్తుంటాడు. చూసేవాడు "లాగు" అంటే వీడు పుల్లర్ పిడి ఒక పట్టు తిప్పుతాడు. "లాగు" అంటే ఇంకో పట్టు. "చాలు" అంటే ఆపుతాడు. చూసేవాడి మాటే లాగేవాడికి కళ్లు. ఆ మాట లేకపోతే తీగైనా తెగుతుంది, స్తంభమైనా ఒరుగుతుంది. ఇరవై ఏళ్లుగా మేస్త్రికి అదే అలవాటు, నిద్దర్లో లేపి "చాలు" అన్నా చెయ్యి ఆపేస్తాడు.

మొదటి రెండు రోజులూ ఆవిడ మాట నిలబెట్టారు. స్తంభాలు పాతడమే కాబట్టి చేతి సైగలతో సరిపోయింది. మూడోరోజైన ఆ పొద్దున తీగలు లాగడం మొదలెట్టాక ఒక గంట గుర్తుంది, తర్వాత అలవాటే గెలిచింది. తూర్పు వైపు తీగ బాగా వదులుగా ఉండటంతో బావమరిది గొంతెత్తి అందుకున్నాడు. "లాగు బావా... లాగు... ఇంకా లాగు... పడుకుంది బావా ఇది, లాగు..." ఇరవై పట్లు పట్టింది. చివరికి అతనే తీగ మీటి, నవ్వుతూ అరిచాడు. "చాలు బావా, పాడుతోంది!"

ఇంట్లో మిషను చప్పుడు ఠక్కున ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. ఇద్దరూ నాలుక కరుచుకుని నవ్వుకున్నారు.

మధ్యాహ్నం తిండికి సామాన్ల గది నీడన కూర్చున్నారు. తడి సిమెంటు వాసన, తుప్పు వాసన. గాలి ఆడట్లేదు. బావమరిది ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

"బావా, గునపం ఎక్కడ పెట్టావు?"

"నీ కాలి దగ్గరే ఉంది, చూసుకో."

కాలి దగ్గరే ఉంది. అయినా గది వెనక ఎవరో గునపంతో తవ్వుతున్నారు. దప్... దప్... మధ్యలో రాయి తగిలినట్టు ఒక్కసారి ఖణేల్... మళ్లీ దప్. అది మేస్త్రికి తెలిసిన చప్పుడే. పొద్దున మలుపు దగ్గర గుంట తవ్వుతుంటే తన గునపానికే రాయి తగిలింది, అచ్చం అలాగే.

బావమరిది లేచి వెళ్లి గది వెనక చూసి వచ్చాడు. "ఎవరూ లేరు."

"పక్క స్థలంలో తవ్వుతున్నారేమో."

"పక్క స్థలంలో అంతా ముళ్లపొదలు బావా. అడుగు పెట్టే చోటు లేదు." మళ్లీ కూర్చున్నాడు గానీ డబ్బా మూత పెట్టేశాడు. "పొద్దుట్నుంచి రెండుసార్లు నువ్వు పిలిచావనుకుని వచ్చాను. నువ్వేమో పిలవలేదంటావు. నాకెందుకో ఇక్కడ బాగాలేదు."

"ఎవరో మన పని చేసిపెడుతున్నారంటే సంతోషించు," అన్నాడు మేస్త్రి. లోపల అతనికీ బాగాలేదు. కానీ బావమరిది ముందు భయపడితే రేపటి నుంచి ఆ కథ ఇంటిల్లిపాదికీ వినపడుతుంది. భయం కన్నా అదే ఎక్కువ భయం అతనికి.

నాలుగయ్యేసరికి మబ్బు పట్టింది. మిగిలింది ఒక్క వైపే, గది వెనక నుంచి ఒంపు తిరిగే వైపు. అక్కడ మలుపులో ఒక స్తంభం ఉంది. మిగతా స్తంభాలన్నీ మొన్నా నిన్నా పాతినవి, సిమెంటు గట్టిపడింది. ఈ ఒక్కటీ మాత్రం రాయి అడ్డం వచ్చి, ఆ పొద్దునే పాతారు. సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది, బొటనవేలితో నొక్కితే గుంట పడుతోంది.

"రేపు లాగుదాం బావా," అన్నాడు బావమరిది. "మలుపు స్తంభం పచ్చిగా ఉంది. తీగ బిగిస్తే గోడ వైపు ఒరిగిపోతుంది."

ఆ సంగతి మేస్త్రికి తెలియక కాదు. పచ్చి సిమెంటు మీద తీగ లాగకూడదని అతనే పదిమందికి నేర్పాడు. కానీ రాత్రికి వాన పడితే గుంటలో నీళ్లు చేరతాయి, రేపు వేరే ఊళ్లో పని ఒప్పుకున్నాడు, ఇక్కడికి మళ్లీ రావాలని కూడా లేదు. ఇవాళతో ఈ పెరడు వదిలించుకోవాలి. అదే అతని తొందర.

"ఒక్క పైతీగ లాగేస్తే అయిపోతుంది. నువ్వు గోడకి వీపు ఆనించి, స్తంభానికి భుజం అడ్డంపెట్టి నిలబడు. ఒరగదు."

"ఏ భుజం బావా?"

"రెండోది."

అతను నవ్వి, గది వెనక్కి వెళ్లాడు. గోడకీ స్తంభానికీ మధ్య మనిషి పట్టేంత సందు ఉంది, అంతే. అతని పొడుగుకి ఐదడుగుల ఎత్తులో ఉండే పైతీగ సరిగ్గా మెడ దగ్గరికి వస్తుంది. ఆ సంగతి మేస్త్రి అప్పుడు ఆలోచించలేదు.

మేస్త్రి చివరి మూల దగ్గర పుల్లర్ తగిలించి కూర్చున్నాడు. అక్కడి నుంచి గది గోడ తప్ప ఏమీ కనపడదు. ఈ పుల్లర్ అంటే చేతిపిడి, పళ్లచక్రం, చక్రం వెనక్కి తిరగకుండా ఆపే చిన్న నాలిక, అంతే సరంజామా. దాంతో ఒక చిక్కుంది. బిగిసిన తీగని వదలాలంటే ఊరికే వదలదు. ముందు ఇంకో పన్ను బిగించాలి, అప్పుడే నాలిక లేస్తుంది. "దీనిది మీ అమ్మ బుద్ధిరా," అని మేస్త్రి బావమరిదిని ఏడిపిస్తుంటాడు, "వదలమంటే ముందు ఇంకో పట్టు పడుతుంది."

"లాగనా?" అని అరిచాడు. ముసలావిడ మాట గుర్తొచ్చింది, కానీ ఇక్కడ మొహాలు చూసుకుని మాట్లాడే వీలెక్కడుంది?

"లాగు బావా," అని వినపడింది.

లాగాడు. తీగ గడ్డిలోంచి లేచింది.

"లాగు..."

ఇంకో పట్టు. నాలిక టక్కుమంది.

"ఇంకా లాగు..."

తీగ సాఫీగా వస్తోంది. అనుకున్నదాని కన్నా ఎక్కువే వస్తోంది. ఈ వైపు ఇంత వదులు ఉండకూడదే అనుకున్నాడు మేస్త్రి. కానీ గొంతు హుషారుగా ఉంది.

"పడుకుంది బావా ఇది, లాగు..."

పది పట్లు. పన్నెండు. పిడి బరువెక్కింది. రెండు చేతులూ వేశాడు. తూర్పు గాలి లేచి గడ్డి ఒక పక్కకి వాలింది. గది వెనక ఏదో గీరుకున్న చప్పుడు, చెప్పులు రాస్తున్నట్టు... ఇటుక మీద. బావమరిది సర్దుకుని నిలబడుతున్నాడు కాబోలు.

"లాగు..."

పద్దెనిమిది. పంతొమ్మిది. ఆఖరి పట్టుకి ఒళ్లంతా వేసి లాగాడు.

"చాలు బావా, పాడుతోంది!"

ఆపాడు. చెమట తుడుచుకున్నాడు. అలవాటు ప్రకారం తీగ మీద వేలు పెట్టి మీటాడు.

పాడలేదు. దబ్బుమంది... అంతే. ఏదో మెత్తటిది ఆనుకుని ఉంటే తీగ అలా అంటుంది. తడి దుప్పటి వేసిన దండెం అలా అంటుంది.

"ఒరేయ్," అన్నాడు. "తీగ మీద చెయ్యి తియ్యి."

లేచాడు. నడిచాడు. గది మూల తిరిగాడు.

స్తంభం గోడ వైపు ఒరిగిపోయి ఉంది. పచ్చి సిమెంటు మొదట్లోంచి ముద్దలా లేచింది. స్తంభానికీ గోడకీ మధ్య బావమరిది ఉన్నాడు... నిలబడి లేడు, నొక్కుకుపోయి ఉన్నాడు. స్తంభం రొమ్ము మీద ఉంది. పైతీగ గొంతు మీద ఉంది. కాళ్లు సగం గాల్లో ఉన్నాయి. మడమలు ఇటుక మీద గీసిన గీతలు ఎర్రగా కనపడుతున్నాయి, ఒకదాని మీద ఒకటి, చాలాసార్లు గీసినట్టు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. మేస్త్రిని చూశాయి.

బతికే ఉన్నాడు.

పెదవులు కదిలాయి. మేస్త్రి చెవి దగ్గర పెడితే గాలి మాత్రం వచ్చింది. "వదు... లు..."

స్తంభాన్ని రెండు చేతులతో వెనక్కి నెట్టాడు. కదల్లేదు. తీగని పట్టుకుని లాగాడు, అరచేయి తెగింది గానీ తీగ వెంట్రుకవాసి కూడా జరగలేదు. తన చేతి బిగింపు అది. లావుతీగ కోసే పెద్ద కత్తెర పిడి విరిగితే నిన్ననే వెల్డింగ్‌కి ఇచ్చారు. ఇక ఒక్కటే దారి. పుల్లర్ దగ్గరికి వెళ్లి, ఒక్క పన్ను బిగించి, నాలిక లేపి, వదలాలి.

"కదలకు," అన్నాడు అతని మొహం పట్టుకుని. "ఒక్క క్షణం ఇంకా బిగుసుకుంటుంది. ఒక్క క్షణమే. వెంటనే వదిలేస్తుంది. సరేనా? మీ అక్కకి మాటిచ్చాను నేను."

కళ్లు ఒకసారి మూసి తెరిచాడు. సరే అన్నట్టు.

మేస్త్రి పరిగెత్తాడు. పుల్లర్ పిడి పట్టుకున్నాడు. ఒక్క పన్ను. ఒక్కటే పన్ను. చెయ్యి బిగించాడు...

"లాగకు బావా!"

చెయ్యి ఆగింది.

గది వెనక నుంచే. బావమరిది గొంతే. హుషారు లేదు ఇప్పుడు, ఏడుస్తోంది ఆ గొంతు. "లాగకు... లాగకు బావా... ఊపిరాడట్లేదు... బావా, నీకు దణ్ణం పెడతాను, లాగకు..."

మేస్త్రికి తెలుసు. గొంతు మీద తీగ ఉన్న మనిషి అంత గట్టిగా అరవలేడు. ఇప్పుడే కదా చెవి పెట్టి విన్నది, గాలి తప్ప ఏమీ రాలేదు. ఇది వాడు కాదు. కాదు, కాదు. లాగాలి.

చెయ్యి కదల్లేదు.

ఇరవై ఏళ్లుగా చూసేవాడి మాట విని ఆగిన చెయ్యి అది. పైగా ఆ గొంతు తన బండి వెనక కూర్చునే గొంతు. తన పిల్లని భుజం మీద ఎక్కించుకుని ఆడించే గొంతు. "బావా, చచ్చిపోతున్నాను బావా, లాగకు..." అని వేడుకుంటుంటే ఇంకో పన్ను ఎలా బిగిస్తాడు? ఏమో, తల పక్కకి తిప్పుకున్నాడేమో. తీగ కాస్త జారి గొంతు వచ్చిందేమో. ఇప్పుడు లాగితే తనే చంపినట్టు అవుతుందేమో...

పిడి వదిలేశాడు. చూసి వద్దామని మళ్లీ పరిగెత్తాడు.

కళ్లు తెరిచే ఉన్నాయి. ఈసారి మేస్త్రిని చూడలేదు. గోడ మీద కాళ్ల మడమలు ఊరికే వేలాడుతున్నాయి. ఆ మనిషి అక్కడ అలా ఉండగానే, అతని పక్కనే, గాల్లోంచి, అతని గొంతు ఇంకా అంటూనే ఉంది.

"లాగకు... లాగకు..."

తర్వాత వదులు చేశాడు. ఒక పన్ను బిగించి, నాలిక లేపి, తీగ మొత్తం వదిలేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. స్తంభం నెమ్మదిగా వెనక్కి వాలింది, బావమరిది గడ్డిలోకి జారాడు. మేస్త్రి అతన్ని ఒళ్లో వేసుకుని కూర్చుని, వాన మొదలైనా లేవలేదు.

పక్కింటివాళ్లు సాయం పట్టి ముందుగదిలోకి తెచ్చారు. కత్తిరింపు బల్ల మీద పడుకోబెట్టారు, పొడుగు చాలక కాళ్లు బయటికి వచ్చాయి. టైలరమ్మ ఎవరిదో కుట్టని గుడ్డ ఒకటి కప్పింది. అంబులెన్సుకి కబురు వెళ్లింది. మేస్త్రి భార్యకీ ఎవరో ఫోన్ చేశారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వసారాలోకి తప్పుకున్నారు.

గదిలో వాళ్లిద్దరే మిగిలాక ఆవిడ అడిగింది. "ఏం వినపడింది బాబూ?"

అంతా చెప్పాడు.

"అది సొంతంగా ఏ మాటా అనదు," అందావిడ. నోట్లో సూదులు లేవు, అయినా గుసగుసే. "నేను ఈ ఇల్లు కొనేసరికే ఉంది. అక్కడ ఎవరన్నా నోరెత్తి అన్న మాటనైనా, చేసిన చప్పుడునైనా అది పట్టి ఉంచుకుంటుంది. ఒక్కోసారి వెంటనే, ఒక్కోసారి పూట గడిచాక వదులుతుంది. కొన్ని మాటలు అందరూ విన్నాక మళ్లీ అంటుంది, కొన్నిటిని తను వదిలేదాకా ఎవరికీ వినపడనివ్వదు. అంతే. అంతకన్నా నాకేమీ తెలియదు."

మేస్త్రికి మొదట అర్థం కాలేదు. తర్వాత కొంచెం కొంచెంగా అర్థమైంది. ఆ లాగు, లాగు... అవి పొద్దున తూర్పు వైపు తీగకి అన్న మాటలు. ఇరవై పట్లకి ఇరవై మాటలు, ఆఖరికి ఆ నవ్వుతో సహా. మరి లాగకు అన్న మాట...

అదీ వాడిదే. వాడు నిజంగానే అరిచాడు. స్తంభం ఒరుగుతుంటే, తను రెండు చేతులూ వేసి పిడి తిప్పుతుంటే, పక్కనే గోడ అవతల నుంచి అరిచాడు, వేడుకున్నాడు, దణ్ణం పెడతానన్నాడు. ఆ అరుపుని అది తన దగ్గర ఉంచేసుకుంది. తను లాగాల్సిన సమయానికి తెచ్చి ఇచ్చింది.

లాగకూడనప్పుడు లాగాడు. లాగాల్సినప్పుడు ఆగాడు. రెండుసార్లూ వాడి మాట వినే.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. అతని గొంతు అతనికే కొత్తగా వినపడింది.

"మీకు ముందు ముగ్గురు మేస్త్రీలకి చెప్పాను. ఎవరూ రాలేదు." ఆవిడ కళ్లు దించుకుంది. "నేను పిలుచుకోవద్దని చెప్పాను బాబూ. కంచె పడితే ఇంకెవరూ వెళ్లరు కదా అనుకున్నాను. ఇంకొక్క వైపే మిగిలింది."

కొట్టాలనిపించింది అతనికి. కొట్టలేదు. తన అరచేతిలో తీగ కోసిన గాటు చూసుకుంటూ కూర్చున్నాడు.

వాన వెలిశాక భార్య వచ్చింది. ఆటో దిగి, పాపని చంకనేసుకుని లోపలికి వచ్చింది. ఐదేళ్ల పిల్ల, దారిలో నిద్రపోయినట్టుంది, అమ్మ మెడ చుట్టూ చేతులు వేసుకుని వేలాడుతోంది. భార్య ఏడవలేదు. బల్ల దగ్గరికి వెళ్లి గుడ్డ తీసింది. తమ్ముడి మెడ చూసింది. చాలాసేపు చూసింది. గుడ్డ మళ్లీ కప్పి, అతని పాదాలు గుడ్డ బయట ఉంటే, కొంగుతో వాటి తడి తుడిచింది. తర్వాత గోడకి చేరగిలబడి కింద కూర్చుని, పాపని ఒళ్లో సర్దుకుంది.

"పొద్దున నేనేం చెప్పాను?" అంది. గట్టిగా కూడా అనలేదు.

మేస్త్రి గాటున్న అరచేయి మూసుకున్నాడు. పచ్చి సిమెంటని చెప్పాలా, భుజం అడ్డం పెట్టమన్నది తనేనని చెప్పాలా? తన చేతుల్తోనే అని చెప్పాలా? ఆమె పెదవులు బిగించి, బల్ల కాళ్ల వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె ఏడిస్తే బావుండును అనిపించింది అతనికి. తిడితే ఇంకా బావుండును.

గదిలో నూనె వాసన, తడి బట్టల వాసన. పెరటి వైపు కిటికీ మూసే ఉంది. చూరు నీళ్లు ఒక్కొక్క చుక్కా పడుతున్నాయి.

అప్పుడు పెరట్లోంచి ఒక ఆడగొంతు వచ్చింది.

"ఏమండీ..."

మేస్త్రి తలెత్తాడు.

"ఏమండీ, పాప ఏదీ?"

టైలరమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"ఇప్పుడే కదా ఇక్కడ ఉంది. నా చెయ్యి పట్టుకునే ఉంది. ఏమండీ... పాప ఏదండీ?" ఆ గొంతు కంగారు పడుతోంది. గడ్డిలో అటూ ఇటూ తిరుగుతున్నట్టు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినపడుతోంది. "పాప కనపడట్లేదు... ఏమండీ, పలకరేం... పాప ఏదీ..."

టైలరమ్మ మేస్త్రి చెవి దగ్గరికి వంగింది. "ఈ అమ్మాయి ఇంతకుముందు ఎప్పుడన్నా ఆ పెరట్లోకి వచ్చిందా?"

"లేదు," అన్నాడు మేస్త్రి. "ఈ ఊరి వైపుకే రాలేదు."

"మరి ఇంకా ఎవరూ అనని మాట..." అని ఆవిడ ఆగిపోయింది.

పెరట్లో గొంతు ఇప్పుడు ఏడుస్తోంది. పాప పేరు పెట్టి పిలుస్తోంది, ఇంట్లో పిలిచే ముద్దుపేరు. మేస్త్రి భార్య వైపు చూశాడు. పాప ఆమె ఒళ్లోనే నిద్రపోతోంది, రెండు చేతులూ అమ్మ మెడ చుట్టూనే ఉన్నాయి.

ఆమె కూడా వింటోంది. గొంతు ఆమెదే. నోరు మాత్రం మూసే ఉంది.